నిద్రలోనూ తగ్గని నాడి

1999 ఏప్రిల్ 21, బుధవారం, ఉదయం. స్థలం: చిత్తూరులో బెల్లం మండీ యజమాని రామచంద్ర ఇంటి నడవ. హాజరైనవారు: కేసు దర్యాప్తు చేస్తున్న సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ప్రతాప్, ఆ ఇంటి వైద్యుడు డాక్టర్ గోవిందస్వామి, రామచంద్ర భార్య వసంతమ్మ, కోడలు సుజన, సుజన తండ్రి అయిన గూడూరు నిమ్మకాయల వ్యాపారి చెంగయ్య, చెంగయ్య తిరుపతి నుంచి పిలిపించుకున్న ప్రైవేటు డిటెక్టివ్ ఆదిమూలం. రావలసి ఉండీ రానివాడు సుజన భర్త మునిప్రసాద్. కబురు పంపితే మండీ నుంచి ఒక్క ముక్క జవాబు వచ్చింది: "అమ్మ ఉండాది గదా, చాలు."

రామచంద్ర పోయి వారం దాటింది. పెద్దకర్మ కాలేదు గనుక ఇల్లు ఇంకా మైలలోనే ఉంది. నడవ గోడకు ఆయన ఫోటో, దాని ముందు దీపం, నీళ్ల చెంబు. ఆ గోడకే ఆనుకుని వసంతమ్మ, ఏప్రిల్ ఎండల్లో ఉన్ని శాలువా కప్పుకుని కూర్చుంది. ఫ్యాను ఆపమని అంతకుముందే రెండుసార్లు అడిగింది. ఆమె కోసం ఎవరూ లేవలేదు.

"మధ్యాహ్నానికి ఈ అమ్మాయిని మెజిస్ట్రేటు ముందర పెట్టాలప్పా," అన్నాడు ప్రతాప్ సుజన వైపు చూడకుండానే. "అంతలోపల మీ పుస్తకాల్లో ఏముండాదో సెప్పేయండి. వింటా. రాసుకోను."

"ముందు మీరు చెప్పండి," అన్నాడు ఆదిమూలం. "నేను రాసుకుంటాను."

ఆదిమూలం విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్రం బోధించి, ఆ ఉద్యోగం వదిలేసి, ఇరవై ఏళ్లుగా ఒంటరిగా బతుకుతున్నవాడు. మనుషులతో మాట్లాడడం కన్నా వాళ్ల రోగాలను గురించి చదవడం ఆయనకు సులభం. ప్రతాప్ ఆయనను పోలీసు వర్గాల్లో 'లైబ్రరీ డిటెక్టివ్' అంటాడని చెంగయ్య ముందే చెప్పాడు. ఆదిమూలానికి అది తిట్టుగా తోచలేదు.

ప్రతాప్ కేసు సూటిగా ఉంది. సుజనకు ఉబ్బసం. ఆమె వేసుకునే మాత్రలకు గుండె వేగం పెంచే గుణం ఉంది. వేరుకాపురం పెట్టాలని మామతో గొడవపడింది. కొన్ని నెలలుగా రామచంద్రకు ఊరికే కూర్చున్నా గుండె దడదడలాడేది. ఆయనకు ఉదయం కాఫీ ఇచ్చేది కోడలే. వంటింటి చెత్తబుట్టలో ఖాళీ మాత్రల అట్టలు దొరికాయి. ఆ రోజు ఉదయం ఆయన మండీకి బయలుదేరి, వీధి వాకిట్లోనే రొమ్ము పట్టుకుని కూలిపోయాడు.

"ఖాళీ అట్టలు వాడిన మందుకు గుర్తు. ఎవరు వాడారో అవి చెప్పవు," అన్నాడు ఆదిమూలం. "సుజనా, కాఫీ సంగతి చెప్పమ్మా."

"మామ కాఫీ మానేసి మూడు నెలలయ్యుంటాది సార్. గుండె దడ ఎక్కువవుతాండాదని ఆయనే వద్దన్నాడు. మజ్జిగే తాగేది. అది గూడా అత్తే ఇచ్చేది."

"అప్పుడు మజ్జిగలో కలిపినావు," అన్నాడు ప్రతాప్.

"మజ్జిగ అత్తిస్తాదని ఇప్పుడే గదా సెప్పింది, ఇన్‌స్పెక్టరు సారూ," చెంగయ్య గొంతు లేచింది. "మీ చెవులు యాడుండాయి?"

"చెంగయ్యగారూ, కూర్చోండి," అని ఆదిమూలం డాక్టరు వైపు తిరిగాడు. "మార్చిలో రామచంద్రగారిని మీ నర్సింగ్‌హోంలో ఉంచారు. అప్పుడు ఈ అమ్మాయి ఎక్కడ ఉంది?"

గోవిందస్వామి కళ్లద్దాలు సర్దుకున్నాడు. "గూడూరులో. పుట్టింటికి పోయుండిందని ఆయనే చెప్పినాడు. భోజనం మా దగ్గరే."

"నాడి తగ్గిందా?"

"నూటపది దాకా ఉండేది. అక్కడ ఉన్నన్ని రోజులూ అట్లే."

"నిద్రలో?"

"నర్సు చూసింది. నిద్రలో కూడా నూరుకు దిగలేదు."

"ఇన్‌స్పెక్టరుగారూ, ఉబ్బసం మాత్ర ప్రభావం ఒక పూటకో, మహా అయితే ఒక రోజుకో దిగిపోతుంది. మాత్రలు ఇచ్చే మనిషి గూడూరులో ఉంటే, నాడి చిత్తూరులో ఎవరి కోసం పరుగెత్తింది?"

ప్రతాప్ నవ్వాడు. "మండీ యాపారం సార్. బాకీలు, వేలంపాటలు, కొడుకు వేరుకాపురం. టెన్షన్. డాక్టరుగారే అప్పుడు ఆ మాట రాసిచ్చినారు."

"దిగులు మనిషితో పాటే నిద్రపోతుంది. నిద్రలో కూడా నాడి దిగలేదంటే, దాని కారణం మనసులో లేదు, రక్తంలో ఉంది. డాక్టరుగారూ, జ్వరం?"

"లేదు."

"రక్తం తక్కువా?"

"పరీక్ష చేయించినా. బాగుండాది."

"పొడుం పీల్చేవాడు గదా?"

"ముప్పై ఏళ్లుగా పీలుస్తాండాడు," అంది సుజన. "అప్పుడు లేని దడ ఇప్పుడెందుకొస్తాది?"

మొదటిసారిగా ఆదిమూలం ఆమె ముఖం పూర్తిగా చూశాడు. భయపడిన మనిషే, కానీ ఆలోచించడం మానలేదు. "సరిగ్గా అడిగావు. తిండి ఎలా ఉండేది?"

"అదే సార్ విచిత్రం. మామ సంగటి రెండు ముద్దలు తినే మనిషి, మూడు తినబట్టినాడు. మళ్లీ సాయంత్రానికి ఆకలంటాడు. అయినా చొక్కాలు వదులైపోయినాయి. మాఘమాసంలోనే ఆరుబయట పండుకున్నాడు, ఉడుకు తట్టుకోలేక. ఇంగొకటి... మండీలో నవ్వుకున్నారంట."

"ఎందుకు?"

"తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకోని బేరం చేస్తారు గదా, ధర పక్కోడికి తెలీకుండా. మామ చెయ్యి చెమటకు జారిపోతాందని, వేళ్లు వణుకుతాంటే ఏ ధర చెప్తాండాడో తెలీడం లేదని నవ్వినారంట. ఆ దినం ఇంటికొచ్చి అన్నం తినలేదు."

ఆదిమూలం కలం ఆగింది. ఆయన డాక్టరును చూశాడు. డాక్టరు నేలను చూస్తున్నాడు.

"తిన్నా చిక్కిపోవడం. ఉడుకు. తడి చేయి. వేళ్ల వణుకు. నిద్రలో సైతం పరుగెత్తే నాడి. ఇవి మీకు మొదటి సంవత్సరంలోనే నేర్పిన లక్షణాలు డాక్టరుగారూ. థైరాయిడ్ ఎందుకు పరీక్షించలేదు?"

"మెడ వాయలేదు. కళ్లు ఉబ్బలేదు. గ్రంథి మామూలుగా ఉంటే ఎవురు అనుమానిస్తారు?"

"గ్రంథి నిర్దోషి కావచ్చు. ఆ రసం బయటి నుంచి, నోటి ద్వారా, రోజూ లోపలికి వెళ్తే మెడ ఎందుకు వాస్తుంది?"

గోవిందస్వామి తల మెల్లగా వసంతమ్మ వైపు తిరిగింది. "ఈ ఇంట్లో థైరాయిడ్ మాత్రలు వేసుకునేది అమ్మ ఒక్కతే. ఆమెకు ఆ గ్రంథి పనిచేయదు. నేనే రాసిస్తాండా. వాటి గుణం వారాల తరబడి ఒంట్లో ఉంటాది."

ప్రతాప్ కుర్చీలోంచి ముందుకు వంగాడు. అతను తెలివి తక్కువవాడు కాదు. తన కేసుకు పనికివచ్చే ముక్క ఏదో వెంటనే పట్టేస్తాడు. "మంచిది. కోడలు తన మాత్రలు కాదు, అత్త మాత్రలు దొంగిలించి కలిపింది. అవి ఒక దినంలో దిగేవి కావు గాబట్టి గూడూరులో ఉన్నా నాడి తగ్గలేదు. లైబ్రరీ సారూ, నా కేసును మీరే గట్టి చేసిస్తిరి."

చెంగయ్య ముఖం పాలిపోయింది. తాను డబ్బిచ్చి పిలిపించుకున్న మనిషే కూతురి మెడకు ఉరి బిగిస్తున్నాడేమోనన్న అనుమానం ఆ ముఖంలో దాగలేదు. సుజన మాత్రం ఆదిమూలాన్నే చూస్తూ ఉంది.

"వసంతమ్మగారూ," అన్నాడు ఆయన, "మీ మాత్రల సీసా ఎక్కడ ఉంటుంది?"

ఆమె గొంతు బొంగురుగా, ఆలస్యంగా వచ్చింది. "దేవుడింట్లో."

"ఇన్‌స్పెక్టరుగారూ, మీరు సోదా చేసినప్పుడు దేవుడి గది చూశారా?"

"మైల ఇల్లు సార్. ఆయన పోయిన గడియ నుంచి ఆ గది మూసుండాది. పెద్దకర్మ అయ్యేదాకా ఎవురైనా తెరుస్తారా? నాకూ ఇల్లూ పిల్లలూ ఉండారు."

"మీ ఇంటి మైల కాదు గదా ఇది."

"మీకు దేవుడు లేడని నాకు లేకుండా పోతాడా?"

"దేవుడి మీద గౌరవంతో ఒక గది వదిలేశారు. ఆ గదిలో ఏముందో తెలియకుండానే ఈ అమ్మాయిని జైలుకు పంపబోతున్నారు. ఆ గౌరవం ఈమెకు ఏ మాత్రం దక్కలేదు."

ప్రతాప్ వేలు చూపించాడు. "మాటలు జాగ్రత్త. ఏమన్నా దొరక్కపోతే, దర్యాప్తుకు అడ్డం తగిలినారని మీ మింద గూడా కాగితం రాస్తా."

"రాయండి. తాళంచెవి ఎవరి దగ్గర?"

వసంతమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసి ఇచ్చింది. ఆదిమూలం దాన్ని చేతిలో పట్టుకుని అడిగాడు: "ఇది ఎప్పుడూ మీ దగ్గరే ఉంటుందా?"

"మా అత్త పోయినప్పటి నుంచి. కోడలికి ఇంగా ఇయ్యలా."

తాళం లేని కోడలు ఆ సీసా ఎలా తీసిందన్నట్టు ఆదిమూలం ప్రతాప్‌ను చూశాడు.

కాళ్లు కడుక్కుని ఆదిమూలం గది తెరిచాడు. ఇద్దరు మనుషులు నిలబడితే నిండిపోయే గది. వాడిన పూల వాసన. దీపపు సెమ్మెలో నూనె జిగురుగా ఎండి ఉంది. గృహస్థు కూలిపోయిన కేక విని ఎవరో ఉన్నది ఉన్నట్టు వదిలి బయటికి వచ్చి, ఆ పైన మైల పట్టిందని తలుపు వేసి తాళం పెట్టారు. అందుకే ఆ ఉదయం అక్కడ ఇంకా అలాగే ఉంది. వెంకటేశ్వరుడి పటం వెనక మాత్రల సీసా. పటం ముందు వెండి పంచపాత్ర, దాని లోపల ఎండి నల్లబడ్డ తులసి ఆకులు. ఆయన పాత్రను వాకిలి వెలుగులోకి వంచి చూశాడు. అడుగున తెల్లటి పొడి పూత, సున్నం ఆరినట్టు అంటుకుని ఉంది.

రెండింటినీ కాగితం మీద పెట్టి నడవలోకి తెచ్చి ప్రతాప్ ముందు ఉంచాడు. "ఈ తెలుపు ఏమిటో ప్రయోగశాల చెబుతుంది. కానీ అంత దూరం పోనక్కరలేదు."

ఆయన వసంతమ్మ ఎదుట నేల మీద కూర్చుని, అనుమతి అడిగి, ఆమె మణికట్టు పట్టుకున్నాడు. చర్మం ఎండుకట్టెలా గరుకుగా, చల్లగా ఉంది. గోడ గడియారం వైపు చూస్తూ చాలాసేపు లెక్కపెట్టాడు. తరువాత ఆ చేతిని డాక్టరుకు అందించాడు.

గోవిందస్వామి లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టాడు. "యాభై గూడా లేదు."

"నిరుడు ఈమెకు రోజుకు ఎన్ని మాత్రలు?"

"ఒకటి. తగ్గలేదని రెండు చేసినా. ఇప్పుడు మూడు."

"మూడు మాత్రలు ఒంటికి పడుతున్న మనిషి ఇలా శాలువా కప్పుకుని కూర్చుంటుందా? ముఖం ఉబ్బి, గొంతు బొంగురుపోయి? ఈమెకు జబ్బు పెరిగిన కొద్దీ మీరు మందు పెంచారు. మీరు మందు పెంచిన కొద్దీ ఆయన నాడి పెరిగింది. ఇద్దరూ మీ రోగులే. ఒక్కసారి ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి చూసి ఉంటే చాలు."

డాక్టరు ఆమె చేతిని మెల్లగా వదిలాడు.

"అమ్మా," అన్నాడు ఆదిమూలం, "మీ మాత్ర మీరు ఎలా వేసుకుంటారు?"

"పరగడుపున ఏసుకోమన్నాడు డాక్టరు. దేవుడికి పెట్టనిది నోట్లో పెట్టుకోకూడదని మా అత్త నేర్పింది. మందయినా అంతే. అందుకని తీర్థంలో ఏసి, పూజ చేసేదాన్ని. హారతి అయ్యేలోపల నానిపోయేది."

"తీర్థం మొదట ఎవరు తీసుకుంటారు?"

"ఇంటాయన. ఇంగెవురు?" ఆ ప్రశ్నే వింతగా తోచినట్టు ఆమె చూసింది. "ఉద్ధరిణతో పోస్తే ఆయనకు సరిపోదు. తులసి నీళ్లు కడుపుకు మంచిదని పాత్ర ఎత్తి తాగేసేవాడు. అడుగున ఉండే తడి నాకు."

చెంగయ్య పెద్ద నిట్టూర్పు విడిచాడు. "అంటే ఎవురి తప్పూ లేదబ్బా. తెలీక జరిగిపోయింది. నా బిడ్డ బతికింది."

ప్రతాప్ కూడా కుర్చీలో వెనక్కి వాలాడు. ఓటమిని మర్యాదగా మార్చుకునే దారి అతనికి దొరికింది. "ప్రమాదవశాత్తు అని రాస్తా. పాపం పెద్దామె. సరేనా సార్?"

ఆదిమూలానికి కూడా అక్కడ ఆగిపోవాలనిపించింది. కానీ డాక్టరు తన చేతులనే చూసుకుంటున్నాడు. పడిన భారం దిగినవాడు అలా చూసుకోడు.

"డాక్టరుగారూ, మీకు ఏదో గుర్తొచ్చింది."

"కార్తీకంలో," అన్నాడు గోవిందస్వామి, బలవంతంగా. "అమ్మ నా దగ్గరికి వచ్చినప్పుడు ఒకటి అడిగింది. ఈ మాత్ర వేరేవాళ్లు తింటే ఏమైతాదని. పిల్లలు ముట్టుకుంటారని జాగ్రత్త పడతాండాదనుకున్నా. గుండె వేగం పెరిగి, పెద్దవాళ్లకయితే ప్రాణం మీదికి వస్తాదని చెప్పినా."

"ఈ ఇంట్లో పిల్లలు ఉన్నారా?"

పెళ్లయి ఆరేళ్లయినా సుజనకు పిల్లలు లేరన్న సంగతి అక్కడ అందరికీ తెలుసు.

"కార్తీకం తరువాత మందు ఎన్నిసార్లు పెంచారు?"

"రెండుసార్లూ అప్పుడే. నేను పెంచుదామనుకోలేదు. ఒళ్లు బరువు తగ్గలేదని, ఇంగో మాత్ర రాయమని ఆమే అడిగింది."

ఆదిమూలం వసంతమ్మ వైపు తిరిగాడు. ఆమె ముఖంలో కలవరం లేదు. ఆ ముఖంలో ఏ భావమూ త్వరగా కదలదు.

"నన్నెవురూ అడగలేదప్పా ఇన్ని దినాలూ," అంది. "పోలీసులొచ్చినారు. కోడలి సంగతి అడిగినారు. మండీ సంగతి అడిగినారు. నన్ను పక్కన కూసోమన్నారు."

"ఇప్పుడు నేను అడుగుతున్నాను."

"పదారేళ్లకు ఈ ఇంటికొచ్చినా. ఆయన తిన్న ఆకులోనే తినమన్నారు, తిన్నా. మొదటి దోస ఆయనకు. మొదట కాగిన నీళ్లు ఆయనకు. ఎవురూ కొట్టి చేయించలా, అట్ల జరిగిపోయింది." మాటకూ మాటకూ మధ్య ఆమె ఊపిరి తీసుకుంటోంది. "ఈయన దడ సూసి అనుమానమొచ్చే ఆ దినం డాక్టర్ని అడిగినా. ఆయన సెప్పింది విని ఇంటికొస్తిని. ఈయన మంచం మింద రొమ్ము పట్టుకోని కూసోనుండాడు. అప్పుడు తెలిసింది, నా మందు గూడా ఈయనే తాగుతాండాడని. సెప్దామనే అనుకున్నా. మర్నాడు పొద్దన పాత్ర ఎత్తి, గడగడా తాగి, కింద పెట్టి, నన్ను సూసి ఒక మాటన్నాడు."

"ఏమన్నాడు?"

"'నీ మొగమేంది అట్ల ఉబ్బిపోయింది, సూడబుద్ధి కాదు' అన్నాడు." ఆమె శాలువా దగ్గరికి లాక్కుంది. "సరే, అది గూడా నువ్వే తీసుకో అనుకున్నా."

సుజన లేచి నిలబడింది. ఆమెకు ఆయాసం మొదలైంది, గోడను పట్టుకుంది. "అత్తా. నన్ను జీపులో ఎక్కిస్తాంటే, సూస్తా కూసోనుందువా?"

"నీకు నాయన ఉండాడమ్మా," అంది వసంతమ్మ. ఆ గొంతులో కోపం లేకపోవడమే వినలేనిదిగా ఉంది. "గూడూరు నుంచి పరిగెత్తుకోని వచ్చినాడు. ఈ సారును పిల్చుకొచ్చినాడు. నా కొడుకు వాకిలి దాటి రాలేదు, సూసినావు గదా. నా తరపున ఎవురొస్తారు?"

ప్రతాప్ జేబులోంచి కాగితాలు తీశాడు. "మళ్లీ సెప్పమ్మా, నేను రాసుకుంటా."

"మీరు రాయించుకున్న ఒప్పుకోలు కోర్టులో నిలవదని నాకన్నా మీకే బాగా తెలుసు," అన్నాడు ఆదిమూలం. "నేను రాస్తాను. డాక్టరుగారు, చెంగయ్యగారు సాక్షులు. ఇది నేరుగా మెజిస్ట్రేటుకు అందుతుంది. మధ్యలో ఏ ఫైల్లోనూ నిద్రపోదు."

"నన్ను నమ్మడం లేదన్నమాట."

"తాళం వేసిన గది ముందు దండం పెట్టి వెనక్కి తిరిగిన దర్యాప్తును నమ్మను. మిమ్మల్ని నమ్ముతానో లేదో వేరే సంగతి."

ఆయన రాశాడు. వసంతమ్మ చెప్పిన మాటలే, ఆమె చెప్పిన వరుసలోనే, ఒక్క విశేషణం కూడా చేర్చకుండా. చదివి వినిపించాడు. ఆమె ఒక్కచోటే ఆపింది: "కాగిన నీళ్లు కాదప్పా. వేణ్నీళ్లు అని రాయి." దిద్దాడు.

గోవిందస్వామి అకస్మాత్తుగా అడ్డుపడ్డాడు. "ఇంకొకటి చేర్చండి. చీటీలో మూడు మాత్రలని ఉంది. ఆ మందు ఈమె ఒంటికి ఇంతవరకూ పట్టనేలేదు. చీటీ చూసి జైల్లో మూడూ ఒక్కసారి ఇచ్చినారంటే ఈ గుండె తట్టుకోదు. వారం తిరక్కముందే ఆయన దారినే పోతుంది. పావు మాత్రతో మొదలుపెట్టాలి."

"ఇప్పుడే మొదలుపెట్టండి," అన్నాడు ఆదిమూలం, ఆ వాక్యం కూడా రాస్తూ.

డాక్టరు సీసాలోంచి మాత్ర తీసి గోటితో విరిచాడు. నీళ్లు ఎవరు తెస్తారా అని అందరూ చూశారు. సుజన లోపలికి వెళ్లి, గ్లాసు తెచ్చి, అత్త చేతికి ఇవ్వకుండా నేల మీద పెట్టింది.

వసంతమ్మ మాత్ర ముక్కను అరచేతిలో ఉంచుకుంది. గ్లాసు ఎత్తింది. నోటి దగ్గరకు రాకముందే ఆ చేయి దానంతట అదే పక్కకు తిరిగి, గ్లాసును భర్త ఫోటో ముందు పెట్టి, ఒక్క క్షణం ఉంచి, తిరిగి తీసుకుంది. తాను ఏం చేసిందో ఆమెకు తెలిసినట్టు లేదు. అప్పుడు మాత్ర వేసుకుని నీళ్లు తాగింది.

చెంగయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ప్రతాప్ టోపీ పెట్టుకుని, జీపు వెనక తలుపు తీయమని వాకిట్లోని కానిస్టేబులుకు చెప్పాడు. ఉదయం ఆ జీపు ఎవరి కోసం తెచ్చారో వాళ్లు కాదు ఇప్పుడు ఎక్కేది.

కాగితం అడుగున 'కీర్తిశేషులు రామచంద్ర గారి భార్య' అని రాసి, సంతకానికి చోటు వదిలి, ఆదిమూలం కలం అందించాడు. ఆమె ఆ మాటలను వేలితో తడుముతూ చదివింది. వాటి కింద కాకుండా, దూరంగా జరిగి, కాగితం అంచున వసంతమ్మ అని మాత్రమే రాసింది. ఉబ్బిన వేళ్లతో ఒక్కో అక్షరమూ చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. సాక్షులు ఇద్దరూ సంతకాలు చేశాక ఆదిమూలం సిరా ఆరేదాకా ఆగి, ఆ కాగితాన్ని మడిచి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.